గురువు రాకముందే దిగిన ఊరు

మునీశ్వరి చౌడేపల్లె పక్కనున్న ఎగువమిట్టకు కాపురానికి వచ్చేనాటికే ఆ ఊళ్లో ‘బోధ వాళ్లు’ ఉన్నారు. గురుబోధ తీసుకున్న కుటుంబాలను అందరూ అలా పిలిచేవారు. ఆమె అత్తింటివాళ్లూ అందులోవాళ్లే. కుండలు చేసేవాళ్లు, మగ్గం నేసేవాళ్లు, కూలికి పోయేవాళ్లు, కొంచెం భూమి ఉన్న రైతులు ఇద్దరు ముగ్గురు. ఏ కులం వాళ్లయినా గురువు తిమ్మక్క దగ్గర బోధ తీసుకున్నాక ఒక ఇంటివాళ్లే. వాళ్లు విగ్రహానికి మొక్కరు, జాతరలో పొట్టేలు కొట్టరు. పున్నమినాడు తిమ్మక్క ఇంటి ముందు చేరి తంబుర మీటుకుంటూ తత్వాలు పాడతారు. పాట అయిపోయాక అందరూ ఒకే బంతిలో కూర్చుని సంగటి తింటారు.

పాటతో ఊరికి పేచీ లేదు. మొక్కకపోయినా చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. చిక్కల్లా ఆ బంతి దగ్గరే వచ్చింది. మాదిగ కూలివాడి పక్కన కుమ్మరామె, ఆమె పక్కన రెడ్డిగారి పాలేరు, అతని పక్కన మగ్గం నేసే భీమరావు కూర్చుని తినడం ఊరిపెద్దలకు మింగుడుపడలేదు. అయినా వానలు కురిసినన్నాళ్లూ గొణుక్కుని ఊరుకున్నారు. వరసగా కరువు పట్టుకున్నాక ఆ గొణుగుడు పెద్దదైంది. తొంభై ఏడో సంవత్సరం ఎండాకాలంలో రచ్చబండ దగ్గర ఊరిపెద్ద మునెప్ప తేల్చి చెప్పేశాడు.

“జాతరకు మీ వంతు చందా ఇయ్యండి, ఆ బంతి మానుకోండి. మీ పాటలు మీరు పాడుకోండి, ఎవురూ వద్దనరు. అట్ల కాదంటే మాత్రం ఊరి బోరు కాడికి రావద్దండి.”

మునెప్ప, తిమ్మక్క చిన్నప్పుడు కలిసి మేకలు మేపినవాళ్లు. ఆ మాట అనేటప్పుడు అతను ఆమె ముఖం వైపు చూడలేకపోయాడు. ఆమె మాత్రం అతన్నే చూస్తూ, “సరేలే మునెప్పా” అంది.

ఆ మర్నాటి నుంచి బోధ వాళ్ల ఆడవాళ్లు పొలాల అవతలి దిగుడుబావికి పోయి నీళ్లు తెచ్చుకున్నారు. ఒకనాడు మునీశ్వరి కూతురు హరిత దారి దగ్గరని ఊరి బోరు దగ్గర బిందె పెడితే, ఎవరో ఆ బిందెను కాలితో తన్నారు. సొట్టపోయిన బిందె పట్టుకుని పిల్ల ఏడుస్తూ ఇంటికొచ్చింది. మునీశ్వరి మొగుడు శంకరప్ప కర్ర తీసుకుని లేచాడు. తిమ్మక్క వాకిట్లో అడ్డం నిలబడింది.

“ఊరిడిసి పోదాం” అంది.

“మనం యాల పోవల్ల?” అని మునీశ్వరి గట్టిగానే అడిగింది. ఆ ఇంట్లోనే ఆమెకు ఇద్దరు పిల్లలు పుట్టారు. ఇంటి వెనక వేసుకున్న బెండ, చిక్కుడు అప్పుడే కాపుకొస్తున్నాయి. “మనదేం తప్పుండాదని?”

“తప్పు లేదు. కానీ నీళ్లు ఇయ్యనోళ్లతో పోట్లాడితే దప్పిక తీరదు గదమ్మా.”

పోవడానికి చోటు కూడా దొరికింది. ఈశ్వరప్పది శాంతిపురం వైపు. బండలు కొట్టే పని మీద ఊళ్లు తిరుగుతూ ఎగువమిట్టకు వచ్చినప్పుడు తిమ్మక్క దగ్గర బోధ తీసుకున్నాడు. శాంతిపురం దాటినాక కుప్పం రోడ్డు పక్కనే అతనికి తాతల నాటి మెట్టచేను ఉంది. రాళ్లు, కంపచెట్లు తప్ప ఏమీ లేని నేల. ఒక బోరు, మోటారు షెడ్డు మాత్రం ఉన్నాయి. “అందరూ రాండి అక్కా. నాకొక్కడికి అంత చేను యాల?” అన్నాడు.

మదనపల్లె మార్కెట్టుకు తిరిగే టమోటా లారీలు రెండు మాట్లాడారు. ముందు లారీలో ఆడవాళ్లు, పిల్లలు, వంట బోకులు, బట్టల మూటలు ఎక్కాయి. వెనక లారీలో మగవాళ్లు, రాగుల మూటలు, వాసాలు, పక్కింటి సిద్దమ్మ ఆవు. తిమ్మక్కను ముందు లారీ క్యాబిన్‌లో కూర్చోబెట్టారు. రాళ్లు పడతాయేమోనని భయపడ్డారు గానీ, ఊరు దాటుతుంటే ఎవరూ బయటికి రాలేదు. అన్ని తలుపులూ మూసే ఉన్నాయి.

పుంగనూరులో తాళ్లు వదులయ్యాయని లారీలు ఆపారు. మగవాళ్లు టీ తాగడానికి దిగారు. వెనక లారీలో ఆవు ఒకటే అరుపు. తిమ్మక్క క్యాబిన్‌లోంచి దిగి, పైన మూటల మీద కూర్చున్న మునీశ్వరితో, “అది బెదురుకోనుండాది. నేను దాని పక్కన కూసోని వెనక లారీలో వస్తా” అని చెప్పి వెళ్లింది. సరేనని మునీశ్వరి తలూపింది. ఇంతలో పోలీసు విజిలేసి, బజారుకు అడ్డంగా ఉన్నాయని లారీలను కదిలించాడు. మగవాళ్లు సగం తాగిన గ్లాసులు పెట్టేసి పరుగున వచ్చి ఎక్కారు.

పొద్దువాలే వేళకు మొదటి లారీ ఈశ్వరప్ప చేను చేరింది. కాసేపటికి రెండోది వచ్చి పక్కన ఆగింది. మునీశ్వరి కిందికి దూకి, దాని దగ్గరికి పోయి చేయి చాచింది.

“రాక్కా, మెల్లగా దిగు.”

పైనుంచి శంకరప్ప తల బయటపెట్టాడు. “ఎవురిని దిగమంటాండావు?”

“తిమ్మక్కను. ఇంకెవురిని?”

“తిమ్మక్క మీ లారీలో గదా ఉండాది!”

“పుంగనూర్లో దిగి మీ లారీలో వస్తానని పోయిందయ్యా! ఆవు పక్కన కూసుంటానని!”

 అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎవరి కోసం ఊరు విడిచి వచ్చారో ఆమె లేదు. తిమ్మక్క చేతిలో ఎప్పుడూ పైసా ఉండదు. బస్సు ఛార్జీ కూడా పక్కనున్నవాళ్లే ఇచ్చేవారు. పోవలసిన ఊరి పేరైనా ఆమెకు సరిగ్గా గుర్తుందో లేదో ఎవరికీ తెలియదు. సిద్దమ్మ నెత్తి కొట్టుకుని, “నా ఆవు పాడుగాను, దానివల్లనే గదా!” అని ఏడ్చింది.

శంకరప్ప, ఈశ్వరప్ప వెంటనే పలమనేరు వైపు పోయే లారీ ఒకటి ఆపి ఎక్కారు. మిగిలినవాళ్లు దించుకోబోతుంటే భీమరావు చేయి ఎత్తాడు. తిమ్మక్క తర్వాత తత్వాలన్నీ నోటికి వచ్చినవాడు అతనే. అందరికంటే పెద్దవాడు కూడా.

“గురువు అడుగు పెట్టనిది ఈ నేలమీద చెంబు గూడా దించొద్దండి. ఆయమ్మ వచ్చి, ఈడ దిగండని చెప్పాల. అప్పుడే దిగేది.”

ఎవరూ కాదనలేదు. ఆమెను వదిలేసి వచ్చామన్న సిగ్గు అందరి మనసులోనూ ఉంది. డ్రైవర్లను తెల్లారేదాకా ఆగమని బతిమాలుకుని, లారీల మీదే కునికిపాట్లు పడ్డారు.

తెల్లారింది. కబురు లేదు. దారికని తెచ్చుకున్న మరమరాలు, బెల్లం అయిపోయాయి. చిన్నపిల్లలు ఆకలికి ఏడుపు మొదలుపెట్టారు. వెనక లారీ డ్రైవరు, “మీరు దించుతారా, నన్ను దించమంటారా? మార్కెట్టులో సరుకు కుళ్లిపోతాందమ్మా” అని విసుక్కున్నాడు. భీమరావు తంబుర ఒళ్లో పెట్టుకుని రోడ్డు వైపే చూస్తూ కూర్చున్నాడు.

పొద్దెక్కాక కుప్పం వైపు ఆకాశం నల్లబడింది. ముందు ఎవరూ నమ్మలేదు. వాన మబ్బు ఎలా ఉంటుందో మరిచిపోయిన కళ్లు అవి. చల్లగాలి తగిలాక మునీశ్వరి లేచి నిలబడి రాగుల మూటల వైపు చూసింది. పైన కప్పిన పట్ట చిరిగి ఉంది. అందరూ ఇక తినాల్సింది ఆ మూటల్లో ఉన్నదే.

ఆమె లారీ ఎక్కి పెద్ద సంగటి కుండ కిందికి అందించింది. “పట్టుకో సిద్దమ్మత్తా” అంది.

భీమరావు లేచి వచ్చాడు. “ఏం పని చేస్తాండావు మునీశ్వరీ? ఆయమ్మ లేకుండానా?”

“మావా, మబ్బు సూడు. ఆయమ్మ వచ్చేసరికి మనం రాగులు తడుపుకోని, పిల్లోళ్లను పస్తు పెట్టుకోని కూసోనుంటే ఏమంటాది? నా కోసం మంచిపని చేసినారంటాదా?”

“తప్పమ్మా. గురువును మించి పోగూడదు.”

“మించి పోలేదు మావా. దిగినామంతే. తప్పయితే ఆయమ్మ నన్నే కొట్టనీ.”

 సిద్దమ్మ అప్పటికే కుండ అందుకుంది. ఆ తర్వాత ఎవరూ ఎవరికీ చెప్పాల్సిన పని లేకపోయింది. మగవాళ్లు మూటలు భుజాల మీద వేసుకుని మోటారు షెడ్డులోకి పరిగెత్తారు. డ్రైవర్లు కూడా చేయివేశారు. చివరి మూట లోపల పడేసరికి చినుకులు మొదలయ్యాయి. చూస్తుండగానే కుండపోత. ఆవును రోడ్డు పక్క వేపచెట్టు కింద కట్టేశారు. పిల్లలు షెడ్డులో నిలవకుండా బయట పడి తడిసి కేకలు పెడుతుంటే, ఎవరూ వాళ్లను కోప్పడలేదు.

మునీశ్వరి షెడ్డు మూలన రాళ్లు పెట్టి, తడవని కంప ఏరి పొయ్యి రాజేసింది. పొగకు కళ్లు మండుతున్నా సంగటి గెలికింది. ఎండుమిరపకాయలు, చింతపండు, ఉప్పు, చెనిక్కాయ పలుకులు కలిపి సిద్దమ్మ ఊరిబిండి పచ్చడి నూరింది. ఇరుకు షెడ్డులో మోకాళ్లకు మోకాళ్లు తగిలేలా అందరూ బంతి కూర్చున్నారు. భీమరావు ఒక్కడే గుమ్మం దగ్గర నిలబడి వాన చూస్తూ ఉండిపోయాడు. చాలాసేపటికి వచ్చి హరిత పక్కన చతికిలబడి, “ఒక ముద్ద పెట్టమ్మా” అన్నాడు. మునీశ్వరి రెండు పెట్టింది.

వాన వెలిశాక నేల మెత్తబడింది. గడ్డపార దిగుతోంది. అది వదులుకోవలసిన అదను కాదని భీమరావే అన్నాడు. నీళ్లు ఎటు పారుతున్నాయో చూసి, పల్లం వదిలి మిట్టన గుంజలు పాతడం మొదలుపెట్టారు. సాయంత్రానికి నాలుగైదు గుడిసెలకు వాసాలు లేచాయి. పక్క పల్లె నుంచి ఒక ముసలామె తల మీద వెదురుగంప మోసుకుంటూ వచ్చి, వంకాయలు ఇచ్చి, అరవం కలిసిన తెలుగులో ఏదో అడిగి, నవ్వి పోయింది. తిమ్మక్క ఏమైందోనన్న దిగులు మాత్రం ఎవరినీ వదల్లేదు. చేతులు పనిచేస్తున్నాయి, కళ్లు రోడ్డు మీదే ఉన్నాయి.

మరునాడు మధ్యాహ్నం కుప్పం బస్సు ఆ చేను ముందు ఆగింది. దిగిన మనిషిని చూసి సిద్దమ్మ చేతిలోని తాటాకు జారవిడిచింది.

“ఈడికి గూడా వచ్చినాడే!”

వచ్చింది మునెప్ప. తెల్లపంచె, భుజాన తువాలు. మునీశ్వరి పని వదిలేసి నాలుగడుగులు ముందుకు వేసింది. ఈ చేను గురించి కూడా తగువుకు వచ్చాడా? లేక తిమ్మక్కకు జరగరానిదేదైనా జరిగితే ఆ కబురు చెప్పడానికి వచ్చాడా?  మునెప్ప వాళ్ల వైపు చూడకుండా బస్సు మెట్ల వైపు తిరిగి, చేయి చాచి, “మెల్లగా… మెల్లగా దిగు” అన్నాడు.

ఆ చేయి పట్టుకుని తిమ్మక్క దిగింది.

హరిత ముందు పరుగెత్తింది. ఆ వెనక అందరూ. సిద్దమ్మ ఆమె కాళ్ల మీద పడబోతే తిమ్మక్క పట్టుకుని లేవదీసి, “ఆవు బాగుండాదా?” అని అడిగింది. దాంతో ఏడుస్తున్నవాళ్లంతా నవ్వేశారు. బస్సులోవాళ్లు కిటికీల్లోంచి వింతగా చూశారు. మునీశ్వరి ఉన్నచోటే రోడ్డు పక్కన కూలబడింది.

మంచినీళ్లు తాగి తిమ్మక్క జరిగింది చెప్పింది. వెనక లారీ దగ్గరికి పోయేలోపు అది కదిలిపోయింది. కొంతదూరం వెంటబడి, ఎండదెబ్బకు ఒక చింతపండు అంగడి ముందు కళ్లు తిరిగి పడిపోయింది. అంగడాయన వెంకటరమణప్ప, ఆయన భార్య ఆమెను లోపల పడుకోబెట్టి మజ్జిగ తాగించారు. జ్వరం తగ్గకపోయేసరికి తమ జీపులో మదనపల్లె పెద్దాసుపత్రికి తీసుకుపోయి చేర్పించారు.

“ఊరి పేరు అడిగినారు. శాంతి అనేంతవరకే గుర్తుండాది నాకు. మదనపల్లెలో శాంతి పేరుతో ఎన్ని వీధులుండాయో అన్నీ తిరిగొచ్చినాడు పాపం ఆ అంగడాయన” అంది నవ్వుతూ.

శంకరప్ప, ఈశ్వరప్ప పుంగనూరులో వెతికి దొరక్క, ఎగువమిట్టకు తిరిగిపోయిందేమోనని అక్కడికీ వెళ్లారు. అలా మునెప్పకు ఆ సంగతీ, చేను ఉన్న చోటూ తెలిశాయి. వాళ్లు పలమనేరు వైపు వెతకడానికి పోతే, ఇతను ఎవరికీ చెప్పకుండా మోపెడ్ వేసుకుని పుంగనూరు బజారులో అంగడి అంగడికీ అడుగుతూ, చివరికి మదనపల్లె ఆసుపత్రి వరండాలో ఆమెను పట్టుకున్నాడు.

“నన్ను చూసి చిన్నపిల్లోడి మాదిరి ఏడ్చినాడు” అంది తిమ్మక్క.

“నేనేం ఏడవలేదు” అన్నాడు మునెప్ప.

భీమరావు చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు. “అక్కా, నువ్వు వచ్చేదాకా దించొద్దని నేను చెప్పినా. ఈ మునీశ్వరి ఇనలేదు. పొయ్యి గూడా ఎలిగించేసింది.”

తిమ్మక్క గుడిసెల వాసాల వైపు, ఆరేసిన బట్టల వైపు, షెడ్డులోంచి వస్తున్న పొగ వైపు చూసింది. 

“ఆసుపత్రిలో పడుకోని నాకుండే భయమంతా అదే భీమన్నా. నా కోసం మీరు ఎండలో లారీ మీదే కూసోనుంటారని. పిల్లోళ్లు ఏం తింటాండారో అని. ఎంత మంచిపని చేసినావు మునీశ్వరీ!”

మునీశ్వరి అప్పుడు ఏడ్చింది. అంతవరకూ ఆమెకు తీరిక దొరకలేదు.

అన్నాలకు కూర్చున్నారు. మునెప్పకూ ఆకు వేశారు. అతను బంతి వైపు ఒకసారి చూసి, తన ఆకు తీసుకుని కాస్త ఎడంగా ఉన్న బండ మీద కూర్చున్నాడు.  “ఆడ కూసున్నా కడుపు నిండుతాదిలే. వడ్డించండి” అంది తిమ్మక్క.

తిన్నాక మునెప్ప గొంతు సవరించుకున్నాడు. “మీరు పోయిన మర్నాడు మా ఊర్లో వాన పడింది. చూసినారా, వాళ్లు పోతానే వానొచ్చిందని ఎగిరినారు కొందరు.”

“ఈడా అదే రోజు పడింది” అంది మునీశ్వరి.

“అదే బస్సులో దారంతా చూసుకుంటా వచ్చినా. పుంగనూరు, పలమనేరు, వి.కోట… యాడ చూసినా తడే.” అతను తువాలుతో ముఖం తుడుచుకున్నాడు. “తప్పు మాట్లాడినా. రాండి, పోదాం. బోరు కాడ ఎవురూ అడ్డం రారు. నేను చెప్తా.”

“మరి బంతి?” అని మునీశ్వరి అడిగింది.

మునెప్ప నేల చూపులు చూశాడు. “అది మెల్లగా… ఊరోళ్లకు నచ్చచెప్పాల గదా.”

అందరూ తిమ్మక్క వైపు తిరిగారు. ఆమె తల అడ్డంగా ఊపింది. “నన్నడగొద్దు. నేను ఈ ఊరికి ఇప్పుడే బస్సు దిగినా. ముందు నుంచి ఈడ ఉండేవాళ్లను అడుగు.”

మునీశ్వరి సిద్దమ్మను చూసింది, భీమరావును చూసింది. అందరి ముఖాల్లోనూ ఒకటే మాట కనిపించింది. ఊరు విడవనన్నది ఆమే. ఇప్పుడు తిరిగిపోదామంటే కాళ్లు రావడం లేదు.

“మేం రాము లేప్పా. నువ్వే ఎప్పుడన్నా ఇట్ల వస్తా ఉండు” అంది.

 మునెప్ప సాయంత్రం బస్సుకు పోతూ, తన తువాలు తిమ్మక్క భుజాల మీద కప్పి, జ్వరం జాగ్రత్త అని చెప్పి పోయాడు.

అతను పోయిన కాసేపటికి శంకరప్ప, ఈశ్వరప్ప కాళ్లీడ్చుకుంటూ వచ్చారు. వెతకని చోటు లేదు. గడ్డాలు మాసిపోయి, కళ్లు గుంటలు పడి ఉన్నాయి. శంకరప్ప రోడ్డు మీదే నిలబడి, వినేవాళ్ల ముఖాలు చూడలేక తల వంచుకుని చెప్పడం మొదలుపెట్టాడు.

“శానా వెతికినాం. మన ఊర్లో గూడా లేదు. పలమనేరులో ప్రతి అంగడీ అడిగినాం. ఇంక యాడికి పోయిందో…”

“శంకరప్పా, కాళ్లు కడుక్కోని రా నాయనా. సంగటి సల్లారిపోతాది” అని లోపలి నుంచి తిమ్మక్క గొంతు వినిపించింది.

శంకరప్ప తలెత్తి అలాగే నిలబడిపోయాడు. ఈశ్వరప్ప మాత్రం నడిరోడ్డు మీద కూర్చుని పగలబడి నవ్వడం మొదలుపెట్టాడు. వెనక నుంచి వచ్చిన లారీ ఆగి హారన్ కొట్టినా లేవలేదు.

ఊరికి పేరు పెట్టింది కూడా ఈశ్వరప్పే. “గురునగరం” అన్నాడు. పట్టుమని పది గుడిసెలు లేవు, నగరమేమిటని పక్క పల్లెలవాళ్లు నవ్వారు. “బెంగుళూర్లో నాలుగిండ్లు కనిపిస్తే నగర్ అంటాండారు. మేం యాల అనగూడదు?” అని అతను వాదించాడు. బస్సు ఆపమంటే కండక్టర్లు చాలాకాలం విసుక్కునేవారు. కుప్పం దాకా టికెట్ ఇచ్చి, దారిలో దింపడానికి బతిమాలించుకునేవారు.

కానీ ఊరు పెరిగింది. బండలు కొట్టేవాళ్లు పని కోసం వచ్చి గుడిసెలు వేసుకున్నారు. బోధ తీసుకున్నవాళ్లూ వచ్చారు, తీసుకోనివాళ్లూ వచ్చారు. “వచ్చినోళ్లను ఏం బోధ అని అడగొద్దండి, తిన్నారా అని అడగండి” అని తిమ్మక్క గట్టిగా చెప్పింది. టీ అంగడి, సైకిల్ షాపు, ఆ తర్వాత బడి వచ్చాయి. కుర్రవాళ్లు పొద్దున్నే కుప్పం పోయి రైలెక్కి బెంగుళూరులో పనిచేసి రాత్రికి ఇంటికి రావడం మొదలుపెట్టారు. హరిత చదువుకుని కుప్పంలోని ఆసుపత్రిలో నర్సుగా చేరింది. తిమ్మక్క అదంతా చూసి, ఒక ఉగాది ముందర నిద్రలోనే వెళ్లిపోయింది. మునెప్ప వచ్చి మట్టి వేసి, ఆ రోజు బంతిలో అందరితో కూర్చుని తిన్నాడు.

రెండువేల ఏడులో మునెప్ప మనవరాలి పెళ్లికి మునీశ్వరి ఎగువమిట్టకు వెళ్లింది. పాత ఇంట్లో ఎవరో ఉంటున్నారు. వాళ్లు లోపలికి పిలిచి కాఫీ ఇచ్చారు. పెళ్లిలో మర్యాదగా చూశారు. ఉండమని బలవంతం చేసినా ఆమె ఆగలేదు. పుంగనూరులో బస్సు మారింది.

“యాడికమ్మా?” అని కండక్టరు అడిగాడు.

“గురునగరం.”

అతను మారు మాట్లాడకుండా టికెట్ చింపి చేతికిచ్చి ముందుకు పోయాడు. మునీశ్వరి కొంగు తల చుట్టూ కప్పుకుని, కిటికీకి ఆనుకుని, పలమనేరు రాకముందే గాఢంగా నిద్రపోయింది.